డేటాబేసు బ్యాకప్‌ను వేరే డేటాబేసు వ్యవస్థలోకి తరలించడం

ఒక డేటాబేసు సాఫ్ట్‌వేరు రాసిపెట్టిన బ్యాకప్ ఫైలులోని సమాచారాన్ని మరో సంస్థ తయారుచేసిన డేటాబేసులోకి తెచ్చి వాడుకలో పెట్టడం ఈ వ్యాస విషయం. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తీసిన ‘బాక్’ ఫైలును పోస్ట్‌గ్రెస్‌కు, ఒరాకిల్ ‘డంప్’ ఫైలును ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు, మైఎస్‌క్యూఎల్ డంపును పోస్ట్‌గ్రెస్‌కు చేర్చడం ఈ కోవలోనివే. పాత సాఫ్ట్‌వేరు అమ్మిన సంస్థ మూతపడవచ్చు. లైసెన్సు రుసుము భారం కావచ్చు. ఎన్నడో ఆపేసిన సర్వర్‌లోని లెక్కలు ఆడిటు కోసం మళ్లీ కావలసి రావచ్చు. అవసరం ఏ దారిన వచ్చినా చాలాసార్లు చేతిలో మిగిలేది ఒక్క ఫైలే.

ఆ ఫైలును కొత్త డేటాబేసు నేరుగా చదవలేదు. ఇక్కడ అసలు మెలిక ఇదే. పేరు మార్చినా, ఏదో ఒక ‘కన్వర్టర్’ కొన్నా ఈ నిజం మారదు. ఆచరణలో నిలిచే పద్ధతి ఒక్కటే: ఫైలును ముందు దాన్ని రాసిన ఇంజనులోనే బతికించాలి, అక్కడి నుంచి టేబుళ్లను, వాటిలోని రికార్డులను కొత్త ఇంజనుకు పంపాలి, పంపినది అర్థం చెడకుండా చేరిందో లేదో సరిచూడాలి. మొదటి రెండు పనులకు మంచి సాధనాలు ఉన్నాయి. శ్రమంతా మూడోదానిలో ఉంది, ఎక్కువమంది వదిలేసేది కూడా దాన్నే.

ఫైలు లోపల ఏముంటుంది

బ్యాకప్‌లు రెండు జాతులు. భౌతిక బ్యాకప్ అంటే డిస్కు మీద డేటాబేసు ఎలా పరచుకుని ఉందో అలాగే తీసిన ప్రతి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ‘బాక్’ ఫైలు, ఒరాకిల్ ఆర్‌మ్యాన్ తీసే ప్రతి, పోస్ట్‌గ్రెస్ బేస్‌బ్యాకప్ ఈ రకానివి. తార్కిక బ్యాకప్‌లో ఉండేది డిస్కు ప్రతి కాదు, డేటాబేసును మళ్లీ కట్టడానికి కావలసిన ఆదేశాలు, రికార్డులు. మైఎస్‌క్యూఎల్ డంప్, పీజీడంప్ ఈ పని చేస్తాయి. మైఎస్‌క్యూఎల్ డంపును మామూలు టెక్స్ట్ ఎడిటరులో తెరిచి చదువుకోవచ్చు. ఒరాకిల్ డేటాపంప్ ఫైలు తార్కికమైనదే గానీ దాని అమరిక ఒరాకిల్ సొంతం. దాన్ని తెరవడానికి ఒరాకిల్‌తో వచ్చే దిగుమతి సాధనమే కావాలి.

భౌతిక ప్రతిని పరాయి ఇంజను ఎందుకు చదవలేదో పేజీల లెక్క చూస్తే తెలుస్తుంది. డేటాబేసు తన సమాచారాన్ని ఒకే పరిమాణమున్న ముక్కలుగా డిస్కు మీద పెడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ పేజీ 8 కిలోబైట్లు. పోస్ట్‌గ్రెస్ పేజీ కూడా మామూలుగా 8 కిలోబైట్లే. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో అది 16 కిలోబైట్లు. కొలత కలిసినంత మాత్రాన లోపలి అమరిక కలవదు. పేజీ తలభాగంలో ఏమి రాసుకోవాలి, తుడిచేసిన రికార్డును ఎలా గుర్తుపెట్టుకోవాలి, పాత ప్రతిని ఎక్కడ దాచాలి అన్నవి ఆయా ఇంజను కట్టినవారి సొంత నిర్ణయాలు.

పరాయి ఇంజను మాట అటుంచితే, ఒకే ఇంజనులో కూడా భౌతిక ప్రతి అన్నిచోట్లా చెల్లదు. పోస్ట్‌గ్రెస్ ఒక పెద్ద వెర్షన్‌లో తీసిన భౌతిక ప్రతి తర్వాతి పెద్ద వెర్షన్‌లో నేరుగా లేవదు. 2018లో వచ్చిన లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో అక్షరక్రమ నియమాలు మారాయి. పోస్ట్‌గ్రెస్ డేటా ఫైళ్లను పాత లినక్స్ నుంచి ఆ కొత్త లినక్స్‌కు యథాతథంగా మోసుకెళ్లినవారి ఇండెక్సులు లోలోపల తప్పాయి. రికార్డు ఉంటుంది, వెతికితే దొరకదు. తార్కిక బ్యాకప్ నుంచి కట్టుకున్నవారికి ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే అక్కడ ఇండెక్సులు కొత్తగా తయారవుతాయి.

ఒక భాష, వేర్వేరు కట్టడాలు

ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనా ఈ డేటాబేసులన్నిటికీ మూలం. ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో దానికి ఒక ప్రశ్నభాషను రూపొందించారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. ఒరాకిల్ 1979లో మార్కెట్‌కు వచ్చింది. 1986లో అమెరికా ప్రమాణ సంస్థ, 1987లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ఎస్‌క్యూఎల్‌ను ప్రమాణంగా స్వీకరించాయి. అయితే ప్రమాణం చెప్పింది డేటాబేసును ఏ భాషలో అడగాలో మాత్రమే. డిస్కు మీద ఎలా దాచాలో, బ్యాకప్ ఫైలు ఏ రూపంలో ఉండాలో చెప్పలేదు.

ఒక్కో ఇంజను పుట్టుక ఒక్కో చోట. పోస్ట్‌గ్రెస్ 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దానికి మొదట ఎస్‌క్యూఎల్ రానేరాదు. 1994లో ఇద్దరు విద్యార్థులు ఆండ్రూ యూ, జాలీ చెన్ ఆ భాషను చేర్చారు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ సైబేస్ వారి ఇంజను నుంచి 1989లో ఓఎస్/2 కోసం బయటికొచ్చింది. మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్‌లో పుట్టింది. వాక్యాలు ఒకేలా కనిపించినా యాసలు ఇంత దూరం జరగడానికి కారణం ఈ వేర్వేరు మూలాలే.

ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు

ఎక్కువగా ఎదురయ్యేదీ, మిగతావాటికి నమూనాగా నిలిచేదీ ఈ ప్రయాణం. అందుకే దీన్ని కాస్త వివరంగా చూడాలి.

మొదట ఫైలు ఏమిటో తేల్చుకోవాలి. పేరు చివర ‘బాక్’ అని ఉన్నంత మాత్రాన అది ఎస్‌క్యూఎల్ సర్వర్‌దని నమ్మకూడదు. ఆ పేరు ఎవరైనా దేనికైనా పెట్టవచ్చు. ఫైలు తొలి బైట్లు చూస్తే జాతి తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ టేప్ ఫార్మాట్‌లో రాసిన మామూలు ‘బాక్’ ఫైలు ‘టేప్’ అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలవుతుంది. పోస్ట్‌గ్రెస్ సొంత రూపంలో తీసిన డంపు ‘పీజీడీఎంపీ’ అనే అయిదు అక్షరాలతో మొదలవుతుంది. ఎస్‌క్యూలైట్ ఫైలు తన పేరును, ఫార్మాట్ సంఖ్యను తొలి 16 బైట్లలోనే చెబుతుంది. పది నిమిషాలు పట్టని ఈ పరీక్ష చేయకుండా రోజుల తరబడి తప్పు సాధనంతో కుస్తీ పట్టేవారు ఉన్నారు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌దని తేలాక ఒక ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను నిలబెట్టాలి. 2017 వెర్షన్ నుంచి అది లినక్స్ మీద కూడా నడుస్తుంది కాబట్టి డాకర్ కంటైనరులో లేపితే చాలు, విండోస్ యంత్రం అక్కర్లేదు. ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ కూర్పులో 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేసుకు 10 గిగాబైట్ల పరిమితి ఉంది. డెవలపర్ కూర్పుకు ఆ పరిమితి లేదు గానీ దాని లైసెన్సు అభివృద్ధికి, పరీక్షలకు మాత్రమే. షరతులు ముందే చదువుకోవాలి. వెర్షన్ విషయంలో ఒక నియమానికి మినహాయింపు లేదు: కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో రీస్టోర్ కాదు. పాతది కొత్తదానిలో అవుతుంది, అదీ కొంత దూరమే. 2000 వెర్షన్ నాటి ఫైలును 2012లో గానీ ఆ తర్వాతి వాటిలో గానీ నేరుగా లేపలేం. మధ్యలో 2005 లేదా 2008 వెర్షన్ మెట్టు ఎక్కాలి.

రీస్టోర్‌కు ముందు ఫైలు తలభాగాన్ని, లోపలి ఫైళ్ల జాబితాను చూపమని అడిగే ఆదేశాలు ఉన్నాయి. వాటిని తప్పక నడపాలి. ఒకే ‘బాక్’ ఫైలులో వేర్వేరు రోజుల బ్యాకప్‌లు వరుసగా పేర్చి ఉండవచ్చు. ఎన్నోది కావాలో చెప్పకపోతే మొదటిది, అంటే అన్నిటికన్నా పాతది లేస్తుంది. అది డిఫరెన్షియల్ బ్యాకప్ అయితే దాని ఆధారమైన పూర్తి బ్యాకప్ లేనిదే పనికిరాదు. పాత యంత్రంలో డేటాబేసు ‘డి’ డ్రైవులో ఉండి ఉంటే, కొత్త చోట ఫైళ్లను ఎక్కడ పెట్టాలో విడిగా చెప్పాలి. అన్నిటికన్నా కఠినమైనది ఎన్‌క్రిప్షన్. డేటాబేసు మొత్తాన్ని గుప్తీకరించి బ్యాకప్ తీసి ఉంటే అప్పటి సర్టిఫికెట్, దాని ప్రైవేట్ కీ కావాలి. అవి పోతే ఆ ఫైలు నుంచి ఎవరూ ఏమీ బయటికి తీయలేరు. బ్యాకప్‌ను భద్రపరిచి సర్టిఫికెట్‌ను పాత సర్వర్‌తోపాటు చెరిపేసిన సంస్థకు మిగిలేది అర్థంలేని బైట్లే.

‘బాక్’లో రాని సంగతులు కూడా ఉన్నాయి. సర్వర్ లాగిన్లు, రాత్రిపూట నడిచే జాబులు ఆ డేటాబేసులో ఉండవు, వ్యవస్థ డేటాబేసుల్లో ఉంటాయి. నెలాఖరు లెక్కలు తేల్చే జాబు ఒకటి ఉండేదన్న సంగతి నెలాఖరున గాని తెలియకపోవచ్చు.

డేటాబేసు లేచాక తరలింపు. దిమిత్రి ఫోంతేన్ రాసిన పీజీలోడర్ ఈ దారిలో బాగా వాడుకలో ఉన్న సాధనం. అది నడుస్తున్న ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు, మైఎస్‌క్యూఎల్‌కు, లేదా ఎస్‌క్యూలైట్ ఫైలుకు తగులుకుని, టేబుళ్లను పోస్ట్‌గ్రెస్‌లో సృష్టించి, రికార్డులను పోస్ట్‌గ్రెస్ కాపీ పద్ధతిలో వేగంగా ఎక్కిస్తుంది. ఎక్కని రికార్డులను విడి ఫైలులో రాసిపెడుతుంది. ఆ ఫైలు ఖాళీగా ఉందో లేదో చూడకుండా పని ముగిసిందనుకోవడం పెద్ద తప్పు. మరో దారి టీడీఎస్ ఎఫ్‌డీడబ్ల్యూ. దీనితో పోస్ట్‌గ్రెస్ లోపలి నుంచే ఎస్‌క్యూఎల్ సర్వర్ టేబుళ్లను సొంత టేబుళ్లలా చూస్తూ కావలసినవి లాక్కోవచ్చు.

సీఎస్‌వీ ఫైళ్ల ద్వారా పంపడం అన్నిటికన్నా తేలికనిపిస్తుంది. జాగ్రత్త అవసరమైనది కూడా ఇదే. చిరునామాలో కామా, వ్యాఖ్యలో కొత్త వరుస ఉంటే కాలమ్‌లు జరిగిపోతాయి. ఖాళీ విలువకూ అసలు విలువ లేకపోవడానికీ తేడా చెరిగిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ వారి బీసీపీ సాధనం విలువ లేని చోటును ఖాళీగా వదిలి, ఖాళీ మాటను ఒక సున్నా బైటుగా రాస్తుంది. పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ కాలమ్‌లో సున్నా బైటుకు చోటు లేదు, ఆ వరుస దగ్గర ఆగిపోతుంది. కారణం తెలియనివారికి ఫైలు పాడైందేమోనని అనుమానం వస్తుంది. ఫైలు బాగానే ఉంది, రాసినవారి పద్ధతి వేరు.

రైతు వరి నారును నారుమడి నుంచి పొలానికి మార్చేటప్పుడు వేళ్లు తెగకుండా చూసినట్టు, ఇక్కడ టేబుళ్ల మధ్య సంబంధాలు తెగకుండా చూడాలి. ముందు సంబంధ నియమాలు, ట్రిగ్గర్లు లేకుండా వట్టి టేబుళ్లు కట్టాలి. రికార్డులు ఎక్కించాలి. ఆ తర్వాతే ఇండెక్సులు, ఫారిన్ కీలు, ట్రిగ్గర్లు పెట్టాలి. ఈ వరుస తప్పితే ట్రిగ్గర్లు పాత రికార్డులను కొత్త లావాదేవీలనుకుని నిల్వలను రెండోసారి తగ్గించేస్తాయి. చివరగా వరుస సంఖ్యలిచ్చే సీక్వెన్సులను టేబుల్‌లోని గరిష్ఠ సంఖ్య దాకా జరపాలి. ఇది మరిచిపోతే తొలిరోజు ఉదయం మొదటి కొత్త బిల్లు ఎక్కేటప్పుడే ‘ఈ సంఖ్య ఇప్పటికే ఉంది’ అన్న దోషం వస్తుంది.

అర్థం మారే చోట్లు

రకాల జత చూస్తే చాలావరకు సూటిగా ఉంటుంది. మనీ రకం నాలుగు దశాంశ స్థానాల న్యూమరిక్ అవుతుంది, బిట్ బూలియన్ అవుతుంది, యూనిక్‌ఐడెంటిఫయర్ యూయూఐడీ అవుతుంది. తికమక పెట్టేది టైమ్‌స్టాంప్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ పేరున్న రకానికి కాలంతో సంబంధమే లేదు, అది రికార్డు మారినప్పుడల్లా మారే 8 బైట్ల గుర్తు. పోస్ట్‌గ్రెస్‌లో అదే పేరు తేదీకి, సమయానికి చెందింది. డేట్‌టైమ్2 రకం సెకనులో ఏడు దశాంశ స్థానాల దాకా దాస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఆరు స్థానాల దగ్గర ఆగుతుంది. బిల్లులకు ఇది పట్టదు. రెండు చోట్ల సమయాలు సరిగ్గా సమానమా అని పోల్చి చూసే ప్రోగ్రాముకు పడుతుంది.

దోషం చూపకుండా జరిగే మార్పులు ఇంకా ప్రమాదకరం. ఎస్‌క్యూఎల్ సర్వర్ సాధారణ అమరికలో చిన్న, పెద్ద ఇంగ్లిష్ అక్షరాల తేడా పట్టించుకోదు. పోస్ట్‌గ్రెస్ పట్టించుకుంటుంది. నిన్నటిదాకా ఏ అక్షరాలతో రాసినా లాగిన్ అయిన వాడుకరి నేడు కాలేడు. అంతకన్నా చేటు, ఒకే ఈమెయిల్ రెండు ఖాతాలుగా నమోదయ్యే వీలు తెరుచుకుంటుంది. సిటెక్స్ట్ అనే పొడిగింపు, 2019లో పోస్ట్‌గ్రెస్ 12తో వచ్చిన ప్రత్యేక కొలేషన్లు (అక్షరాలను పోల్చే నియమాలు) దీనికి మందు. మాట చివరి ఖాళీలను సమానత్వ పోలికలో ఎస్‌క్యూఎల్ సర్వర్ లెక్కలోకి తీసుకోదు, పోస్ట్‌గ్రెస్ సాధారణ టెక్స్ట్‌లో తీసుకుంటుంది. యూనిక్ అని నియమం పెట్టిన కాలమ్‌లో విలువలేని రికార్డు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక్కటే ఉండగలదు, పోస్ట్‌గ్రెస్‌లో ఎన్నయినా ఉండవచ్చు. పాత పద్ధతే కావాలనుకుంటే 2022 నాటి పోస్ట్‌గ్రెస్ 15 నుంచి అలా కోరుకునే వీలుంది.

స్టోర్డ్ ప్రొసీజర్లను ఏ సాధనమూ పూర్తిగా మార్చలేదు. టీ-ఎస్‌క్యూఎల్‌లో రాసిన తర్కాన్ని పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్‌లో మనిషే తిరగరాయాలి. 2021లో అమెజాన్ బహిరంగ కోడుగా విడుదల చేసిన బేబెల్‌ఫిష్ పోస్ట్‌గ్రెస్‌కు టీ-ఎస్‌క్యూఎల్ అర్థమయ్యేలా చేస్తుంది, పాత ప్రోగ్రాములు చాలావరకు అలాగే నడుస్తాయి. అదైనా ‘బాక్’ ఫైలును మాత్రం తెరవదు.

తెలుగు అక్షరాల దగ్గర

తెలుగు సమాచారం ఉన్న డేటాబేసులకు ఈ ప్రయాణంలో అదనపు పరీక్షలు ఉన్నాయి. ‘రాజ్యలక్ష్మి’ అన్న పేరు తీసుకోండి. చదివేవారికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతాలు, పొల్లులు విడిగా కలిపి 12 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కాబట్టి 36 బైట్లు. కాలమ్ పరిమాణం 30 అని రాసి ఉంటే మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ దాన్ని సంకేతాల లెక్కగా తీసుకుంటాయి, ఈ పేరు హాయిగా పడుతుంది. ఒరాకిల్ సాధారణ అమరికలో వార్‌చార్2కు అది బైట్ల లెక్క. పేరు పట్టదు, రికార్డు తిరస్కరణకు గురవుతుంది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి పాసైన తరలింపు అసలు ఓటరు జాబితా మీదో పింఛను జాబితా మీదో తప్పేది ఇలాంటి చోటే.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగును ఎన్‌వార్‌చార్ కాలమ్‌లో పెట్టాలి, ప్రోగ్రాములో ఆ మాట ముందు ఎన్ గుర్తు రాయాలి. రాయకపోతే ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకంగా మారి దాగుతుంది. యూటీఎఫ్-8 కొలేషన్ 2019 వెర్షన్‌తో గాని రాలేదు. తరలించాక ప్రశ్నార్థకాలు కనిపిస్తే ముందు పాత డేటాబేసులో చూడాలి. అక్కడే అలా ఉంటే తప్పు తరలింపుది కాదు, ఏళ్ల క్రితం నమోదు చేసిన నాటిది. ఆ అక్షరాలు ఇక తిరిగి రావు, కాగితం రిజిస్టరు ఉంటే దాన్నుంచి మళ్లీ ఎక్కించుకోవడమే.

మైఎస్‌క్యూఎల్‌లో ఇబ్బంది ఇంకోలా వస్తుంది. పాత వెబ్‌సైట్లలో లాటిన్-1 అని ప్రకటించిన కాలమ్‌లో యూటీఎఫ్-8 తెలుగు బైట్లు చేరేవి. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఒకే పొరపాటు జరిగేది కాబట్టి తెర మీద తెలుగు సరిగానే కనిపించేది. డంపు తీసేటప్పుడు సర్వర్ ఆ బైట్లను లాటిన్ అక్షరాలనుకుని మరోసారి యూటీఎఫ్-8లోకి మారుస్తుంది. ఫలితం పైన చిన్న గుర్తులున్న యూరోపియన్ అక్షరాల గుంపు. దీన్ని బాగుచేయవచ్చు: డంపును లాటిన్-1గానే, మార్పిడి ప్రకటన లేకుండా తీసి, కొత్త చోట యూటీఎఫ్-8గా చదివిస్తే తెలుగు తిరిగి వస్తుంది. చూడగానే కంగారుపడి చేత్తో దిద్దడం మొదలుపెట్టకూడదు.

యూనికోడ్‌కు ముందటి ఫాంటు సంకేతాల్లో టైపు చేసిన తెలుగు మరో తరహా. అక్కడ డేటాబేసులో ఉన్నవి ఇంగ్లిష్ సంకేతాలే, వాటిని తెలుగుగా చూపించేది ఫాంటు. తరలింపు సాధనం వాటిని పొల్లు పోకుండా మోస్తుంది, కొత్త తెర మీద మాత్రం ఏదీ చదవడానికి రాదు. అలాంటి కాలమ్‌లను ఆ ఫాంటుకు తగిన మార్పిడి పట్టికతో విడిగా యూనికోడ్‌లోకి మార్చాలి. ఇంకా సూక్ష్మమైనవి రెండున్నాయి. ‘రాజ్‌కుమార్’లో జకారప్పొల్లు కింద కకారం ఒత్తుగా చేరకుండా ఆపే అదృశ్య సంకేతం కొందరు టైపు చేస్తారు, కొందరు చేయరు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాలు కలిపీ రాయవచ్చు. కంటికి తేడా లేదు. బైట్లను పోల్చే డేటాబేసుకు మాత్రం అవి వేర్వేరు పేర్లు.

మిగతా దారులు

మైఎస్‌క్యూఎల్ డంపు టెక్స్ట్ కావడం వల్ల దాన్ని నేరుగా పోస్ట్‌గ్రెస్‌కు ఎక్కించవచ్చన్న భ్రమ కలుగుతుంది. వెనక్కి వాలిన కోట్ గుర్తులు, ఇంజను ప్రకటన, ఆటో ఇంక్రిమెంట్ వంటివి పోస్ట్‌గ్రెస్‌కు తెలియవు. డంపును పోస్ట్‌గ్రెస్ యాసకు దగ్గరగా తీయమనే ఒక ఎంపిక ఉండేది గానీ మైఎస్‌క్యూఎల్ 8.0లో దాన్ని తీసేశారు. ఎడిటరులో వెతికి మార్చడం చిన్న డంపులకు నడుస్తుంది. ఆ మార్పు వ్యాఖ్యల్లోని, వ్యాసాల్లోని పాఠాన్ని కూడా తాకుతుందని మరవకూడదు. మంచిదారి మళ్లీ అదే: మైఎస్‌క్యూఎల్‌లో లేపి పీజీలోడర్‌తో పంపడం. అప్పుడు కూడా అన్నీ సున్నాలున్న తేదీలు విలువలేనివిగా మారతాయి. ఒక అంకె వెడల్పున్న టైనీఇంట్‌ను సాధనం బూలియన్ అనుకుంటుంది. అందులో 2, 3 వంటి విలువలు దాచి ఉంటే ఆ అర్థం పోతుంది. ప్రొసీజర్లను డంపులో చేర్చమని విడిగా అడగకపోతే అవి రావు.

మైఎస్‌క్యూఎల్, దాని నుంచి 2009లో చీలిన మరియాడీబీ అన్నదమ్ములే అయినా ఇప్పుడు ఒకరి డంపు ఒకరికి అన్నిసార్లూ సరిపోదు. మైఎస్‌క్యూఎల్ 8.0 సాధారణ కొలేషన్ పేరు చాలా మరియాడీబీ వెర్షన్లకు తెలియదు. 2024లో మరియాడీబీ తన డంపుల మొదటి వరుసలో భద్రత కోసం ‘శాండ్‌బాక్స్’ సూచన ఒకటి చేర్చింది, దాన్ని చూసి పాత క్లయింట్లు మొదటి వరుసలోనే ఆగిపోయాయి.

ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు వెళ్లేవారికి జీల్ దారోల్ద్ రాసిన ఓరాటూపీజీ ఉంది. అది ముందుగా డేటాబేసును పరిశీలించి ఎంత శ్రమ పడుతుందో అంచనా నివేదిక ఇస్తుంది. ఆ నివేదిక చూడకుండా గడువు ఒప్పుకోవడం అవివేకం. ఒరాకిల్‌కు ఖాళీ మాట అంటే విలువ లేకపోవడమే. విలువలేనిదాన్ని పేరుతో జోడిస్తే ఒరాకిల్‌లో పేరు మిగులుతుంది, పోస్ట్‌గ్రెస్‌లో మొత్తం ఫలితమే విలువలేనిదవుతుంది. మధ్యపేరు లేనివారి పూర్తి పేర్లు రశీదుల మీద మాయమయ్యేది ఇందువల్లే.

ఎస్‌క్యూలైట్ దారి చిన్నది. అంకెల కాలమ్‌లో అక్షరాలు పెట్టినా అది మామూలుగా ఒప్పుకుంటుంది కాబట్టి కొత్త ఇంజను నియమాలకు తగని విలువలను ముందే ఏరాలి.

సరిచూడటం

రికార్డుల సంఖ్య కలిస్తే చాలదు. డబ్బున్న ప్రతి కాలమ్‌కు మొత్తం, తేదీలకు మొదటిదీ చివరిదీ, ప్రతి కాలమ్‌లో విలువలేనివి ఎన్ని అన్నవి రెండు వైపులా తీసి పక్కపక్కన పెట్టాలి. ముఖ్యమైన టేబుళ్లకు ప్రాథమిక కీ వరుసలో హ్యాష్ తీసి పోల్చాలి. అన్నిటికన్నా విలువైన పరీక్ష, పాత వ్యవస్థ అచ్చువేసిన నివేదికలను కొత్తదానితో మళ్లీ తీయించి, ఆ లెక్కలతో రోజూ పనిచేసే గుమస్తా చేత చూపించడం. కాలమ్ పేర్లు తెలిసిన ప్రోగ్రామరుకు కనబడని తేడా ఆ వ్యక్తికి ఒక్క చూపులో తడుతుంది. ఈ పరీక్షల కోసం అసలు మనుషుల వివరాలను ప్రోగ్రామర్ల ల్యాప్‌టాపుల్లో వదిలేయకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద మాత్రమే కాదు, బాధ్యత.

బ్యాకప్ తీసే సాధనం, సర్వర్ వెర్షన్ కలవకపోతే ఏమవుతుందో 2017 జనవరి 31న కోడు నిల్వ సేవ గిట్‌ల్యాబ్‌లో జరిగిన ఘటన చూపింది. ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేసు డైరెక్టరీని చెరిపేశారు. తీరా చూస్తే రోజువారీ డంపులు లేవు. సర్వర్ పోస్ట్‌గ్రెస్ 9.6ది, డంపు సాధనం 9.2ది కావడంతో అది ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా చేరలేదు. అనుకోకుండా ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఉండటంతో ఆ మేరకే నష్టం జరిగింది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా ప్రపంచానికి చెప్పింది, అందుకే ఈనాటికీ అది పాఠంగా ఉపయోగపడుతోంది. 2019లో గిట్‌ల్యాబ్ తన 12.1 వెర్షన్‌తో మైఎస్‌క్యూఎల్‌ను వదిలేసింది. వాడుకరులకు పోస్ట్‌గ్రెస్‌కు మారే దారిగా పీజీలోడర్‌నే చూపింది.

పెద్ద ఎత్తున జరిగిన తరలింపుల్లో అమెజాన్‌ది చెప్పుకోదగింది. దాదాపు 7,500 ఒరాకిల్ డేటాబేసుల్లోని 75 పెటాబైట్ల సమాచారాన్ని తన సొంత డేటాబేసు సేవలకు మార్చి, వినియోగదారుల వ్యాపారంలోని చివరి ఒరాకిల్ డేటాబేసును ఆపేసినట్టు ఆ సంస్థ 2019 అక్టోబరులో ప్రకటించింది. అంతటి సంస్థకైనా అది బ్యాకప్ ఫైలు తెరిచి ఎక్కించిన పని కాదు. నడుస్తున్న పాత వ్యవస్థ నుంచి నడుస్తున్న కొత్త వ్యవస్థకు, సేవలు ఆగకుండా, కొద్దికొద్దిగా జరిపిన మార్పు.

దీర్ఘకాల నిల్వ

ఇంతటి శ్రమకు మూలం భౌతిక బ్యాకప్ ఒక్కటే దాచిపెట్టడం. రేపు ఉదయానికి సర్వర్‌ను మళ్లీ లేపడానికి దానికి మించింది లేదు. ఇరవై ఏళ్ల తర్వాత చదువుకోవడానికి అది పనికిరాదు. ఈ అవసరాన్ని ముందుగా గుర్తించిన స్విట్జర్లాండ్ ఫెడరల్ ఆర్కైవ్స్, ఏ డేటాబేసు కంపెనీ మీదా ఆధారపడని సియార్డ్ అనే రూపాన్ని తయారుచేసింది. టేబుళ్ల నిర్మాణం, సంబంధాలు, రికార్డులు అన్నీ ఎక్స్ఎంఎల్‌గా ఒక జిప్ ఫైలులో ఉంటాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ డేటాసెట్ల నిల్వకు సిఫారసు చేసిన రూపాల్లో ఎస్‌క్యూలైట్ ఒకటి. ఏదీ కుదరకపోతే యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఫైళ్లు, వాటితోపాటు ప్రతి కాలమ్ అర్థం రాసిన ఒక పాఠం చాలు.

మీ కార్యాలయంలో, ఆసుపత్రిలో, కళాశాలలో పాత సర్వర్‌ను ఆపేసే రోజు వస్తే, దాన్ని తీసివేయకముందే, అది ఇంకా నడుస్తుండగానే, ఇలాంటి ఒక ప్రతిని తీయించండి. డేటాబేసు వెర్షన్, ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్, కాలమ్‌ల వివరణ ఆ ప్రతి పక్కనే పెట్టించండి. ఆపేశాక చేయాలంటే నెలలు పట్టే పని, ఆ రోజు చేస్తే ఒక పూటలో అవుతుంది.